పొగబోటు విహారం: ఎక్కదలచినవారికి కొన్ని సూచనలు

ఆమ్‌స్టర్‌డామ్ వెళ్తున్నామంటే మనవాళ్లలో కొందరు ట్యులిప్ తోటల గురించి అడుగుతారు. ఇంకొందరు ఏమీ అడగరు, అదో రకంగా నవ్వుతారు. ఈ సూచనలు ఆ నవ్వే బాపతు వాళ్ల కోసం. ట్యులిప్‌ల వాళ్లు ఈపాటికి పేజీ తిప్పేయొచ్చు.

సంగతేమిటంటే, ఆ ఊళ్లో కాల్వల మీద షికారు తిప్పే బోట్లు బోలెడు. వాటిలో కొన్ని, మీ జేబులో ఉన్న గంజాయి జాయింట్ తీసి నిక్షేపంగా వెలిగించుకోండి, మాకేం అభ్యంతరం లేదు అంటాయి. ఒక్క టిక్కెట్టుకి రెండు సరదాలు. ఊరు చూడటం ఒకటి, ఎక్కడున్నామో మరిచిపోవడం రెండోది. రెండూ ఒకే గంటలో ఎలా కుదురుతాయని సందేహం వచ్చిందా? అయితే మీరు ఈ బోటుకి పనికిరారు.

వెంట ఎవర్ని తీసుకెళ్లాలన్నది ముఖ్యం. నా సలహా అడిగితే బావమరిదిని తీసుకెళ్లండి. అలవాటు లేనివాడు, కాస్త మెతక మనిషి అయితే మరీ మంచిది. అతని ఉపయోగం ముందు ముందు తెలుస్తుంది.

బయల్దేరేలోగా అక్కడి చట్టం గురించి ఒక్క ముక్క కూడా చదవకండి. "అక్కడంతా ఫ్రీ అంటరా" అని మీ రూమ్మేటు చెప్పింది చాలు. చదివితే నీరసం వస్తుంది. ఎందుకంటే నెదర్లాండ్స్‌లో గంజాయి ఇవాళ్టికీ చట్టవిరుద్ధమే. 1976లో వాళ్ల ఓపియం చట్టాన్ని సవరించి హెరాయిన్ వగైరాలను ఒక గాటనా, గంజాయి, హషీష్‌లను ఇంకో గాటనా కట్టారు. రెండో రకం కొద్దిగా దగ్గరుంటే చూసీ చూడనట్టు ఊరుకుందాం అనుకున్నారు. ఊరుకోవడానికి కూడా నిబంధనలు రాసుకున్నారు చూడండి, అదీ డచ్చివాళ్ల ఘనత! కాఫీ షాప్ అని లైసెన్సు ఉన్న దుకాణంలోనే అమ్మాలి. మనిషికి రోజుకు 5 గ్రాములు దాటకూడదు. దుకాణంలో నిల్వ 500 గ్రాములు మించకూడదు. 18 ఏళ్లు నిండనివాళ్లు గడప తొక్కకూడదు. ప్రకటనలు ఇవ్వకూడదు, ఇరుగుపొరుగును ఇబ్బంది పెట్టకూడదు, మందు పోయకూడదు.

మరి దుకాణదారు సరుకు ఎక్కడ కొంటాడు? అది మాత్రం అడక్కూడదు. ముందు గుమ్మంలో అతను మీకు అమ్మితే సర్కారు కళ్లు మూసుకుంటుంది. వెనక గుమ్మంలో అతనికెవరైనా తెచ్చి అమ్మితే అదే సర్కారు కళ్లు తెరిచి పట్టుకుంటుంది. దశాబ్దాలుగా ఇదే వరస. దీన్నెలాగైనా సరిచేద్దామని 2023 డిసెంబరులో బ్రెడా, టిల్బర్గ్ ఊళ్లలో ప్రభుత్వ అనుమతితో పండించిన సరుకు అమ్మే ప్రయోగం మొదలుపెట్టారు. ఆమ్‌స్టర్‌డామ్ ఆ ప్రయోగంలో లేదు. ఇంకో విశేషం: ఆ దేశంలో నివాసం ఉన్నవాళ్లకే అమ్మాలన్న నిబంధన 2013 నుంచీ ఉంది, ఆమ్‌స్టర్‌డామ్ దాన్ని అమలు చెయ్యడంలేదు. అంటే మీరు, చూసీ చూడనట్టు వదిలేసిన దుకాణంలో చూసీ చూడనట్టు వదిలేసిన గిరాకీ. ఇక ఛాతీ విరుచుకుని లోపలికి నడవండి.

పాస్‌పోర్టు చూపించాల్సి వస్తుంది. స్వేచ్ఛా నగరంలో ఇదేం గొడవ అని విసుక్కోండి. కౌంటర్ వెనక కుర్రాడు మెనూ కార్డు మీ ముందు పెట్టి, "మొదటిసారా?" అని మర్యాదగా అడుగుతాడు. అవమానం! ఇంజినీరింగ్ నాలుగేళ్లూ హాస్టల్లో ఉన్న ధీమాతో అన్నిటికన్నా ఘాటైనది ఇమ్మనండి. మా విశాఖ ఏజెన్సీ శీలావతి గంజాయి ముందు మీదెంత అని కూడా ఒక మాట అనొచ్చు. అక్కడ ఆ మొక్క వేసిన గిరిజనుడి మీద కేసు పడుతుందనీ, 2021లో ఆపరేషన్ పరివర్తన పేరుతో పోలీసులు వేల ఎకరాల్లో ఆ తోటలు నరికేశారనీ చెప్పనక్కర్లేదు. పండించినవాడికి కోర్టు వాయిదా, కాల్చినవాడికి సెల్ఫీ. ఆ లెక్క కౌంటర్ కుర్రాడికి ఎందుకు?

అక్కడ ఇంకో వింత చూడొచ్చు. 2008 జులై నుంచి హోటళ్లలో, బార్లలో పొగాకు కాల్చడం నిషేధం, కాఫీ షాపులకీ అదే వర్తిస్తుంది. కాబట్టి పొగాకు కలిపిన జాయింట్‌ను మామూలుగా లోపల వెలిగించకూడదు, వట్టి గంజాయిదైతే పర్వాలేదు. సిగరెట్టు కాల్చుకుందామనుకున్న పెద్దమనిషి బయట వానలో నిలబడి ఉంటాడు. మీరు లోపల దర్జాగా కూర్చోండి.

పొగ పడనివాళ్లకు గంజాయి కలిపిన స్పేస్ కేకు ఉంటుంది. దీన్ని సరిగ్గా బోటెక్కే ముందు తినండి. పావుగంటకి ఏమీ అనిపించదు. డబ్బులు దండగైపోతాయన్న బాధతో మిగతా సగం కూడా తినేయండి. కేకు పని మొదలుపెట్టడానికి గంటో, ఒక్కోసారి రెండు గంటలో పడుతుంది. విహారమేమో గంట, గంటంబావు. అంటే కాల్వలన్నీ చూసేంతసేపూ మీరు శుభ్రంగా స్పృహలో ఉండి, "ఇదేంటి, ఏమీ లేదే" అని సణుగుతారు. దిగి ట్రామ్ ఎక్కాక కేకు తన ప్రతాపం చూపిస్తుంది. ట్రామ్‌లో చూడటానికి ఏమీ ఉండదు. ఎదుటి సీటులో ముసలావిడ తప్ప.

ఇక బోటు. గాజు కప్పు వేసి ఉన్న పెద్ద బోట్లు ఇందుకు పనికిరావు, పైకప్పులేని చిన్నది కావాలి. అందులో సరుకు అమ్మరు, మీదే మీరు తెచ్చుకోవాలి. పాపికొండల లాంచీలో లాగా మైకు పట్టుకుని పాటలు, డాన్సులు, భోజనంలో పులిహోర ఉంటాయనుకునేరు. డజను మంది అపరిచితులు ఎదురెదురుగా కూర్చుని ఎవరి పొగ వాళ్లు వదులుతుంటారు. గంజాయి వనంలో తులసి మొక్క అని చిన్నప్పటి నుంచీ వింటున్నారే, దాన్ని కళ్లారా చూడాలంటే చుక్కాని పట్టుకున్న మనిషిని చూడండి. వంతెనలు ఎక్కడ ఎంత కిందికి ఉన్నాయో, ఎదురుగా ఏ బోటు వస్తోందో అన్నీ ఆ ఒక్క బుర్రే చూసుకోవాలి. బోటు నడిచేది గంటకి ఆరు కిలోమీటర్ల వేగంతో. మీకది విమానం అనిపిస్తే తప్పు ఇంజినుది కాదు. "తలలు వంచండి" అని అతను అరిచినప్పుడు మాత్రం ఎందుకని అడక్కుండా వంచండి. ఆ వంతెన మీకన్నా పాతది, గట్టిది.

ఏమేం చూడాలంటే, అసలు ఏమీ చూడకపోవడమే ఈ పద్ధతిలో ప్రత్యేకత. అయినా బావమరిది ఉన్నాడు కదా, అతను చూస్తాడు. 1613లో తవ్వడం మొదలెట్టిన కాల్వల వలయం ఇది, 2010లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కింది. ఒడ్డున ఇళ్లు సన్నగా, పొడుగ్గా, ముందుకు వంగి ఉంటాయి. "బావా, ఇళ్లు ఒరిగిపోతున్నాయేంటి?" అని బావమరిది అడిగితే, సరుకు భలే పనిచేస్తోందని మీరు మురిసిపోకండి. అతను ఏమీ కాల్చలేదు. అవి నిజంగానే ఒరిగి ఉన్నాయి. బురద నేల కాబట్టి ఊరంతా కొయ్య గుంజల మీద కట్టారు, డామ్ చౌకులో రాజభవనం ఒక్కదాని కిందే 13,659 గుంజలున్నాయి. గుంజ కుంగిన చోట ఇల్లు పక్కకి వాలుతుంది. ముందుకి వంగడం మాత్రం కావాలని చేసిందే. ఇంటి నెత్తిన ఒక దూలం, దానికో కొక్కెం కనిపిస్తాయి. మెట్లు మరీ ఇరుకు కాబట్టి బరువులు తాడు కట్టి పైకి లాగేవాళ్లు. గోడ ముందుకి వంగి ఉంటే మూటలు దానికి రాసుకోకుండా పైకెళ్తాయి.

ఆ మూటల్లో ఏముండేవో కాస్త స్పృహలో ఉంటే ఆలోచించొచ్చు. డచ్ ఈస్టిండియా కంపెనీ 1602లో పుట్టింది, నాలుగేళ్లు తిరిగేసరికల్లా మచిలీపట్నంలో దుకాణం పెట్టింది. మన తీరంలో అద్దిన కలంకారీ బట్టంటే అక్కడి ధనవంతుల ఇళ్లలో మోజు. ఇప్పటికీ భీమిలి వెళ్తే డచ్చివాళ్ల సమాధులు కనిపిస్తాయి, వాళ్ల సంపాదన ఇళ్లయి ఇక్కడ నిలబడి ఉంది. హేరెన్‌గ్రాక్ట్ కాల్వ మలుపులో ఆ ఇళ్ల వైభవం చూస్తుంటే, మన అద్దకం పనివాళ్ల చేతి చలవ ఇందులో ఎంతో కొంత ఉందని ఒక తెలుగువాడికి తట్టాలి. మీకు ఆ సమయంలో తట్టేది ఆకలి. సంచిలో చిప్స్ ప్యాకెట్ ఉందో లేదో చూసుకోండి.

రెగ్యులిర్స్‌గ్రాక్ట్ మూల దగ్గర బోటు ఆగుతుంది. అక్కణ్నుంచి చూస్తే ఏడు వంతెనలు ఒకదాని వెనక ఒకటి వరసగా కనిపిస్తాయి, రాత్రయితే కమానులకి దీపాలు కూడా. మీకు పద్నాలుగు కనిపిస్తే టిక్కెట్టు గిట్టుబాటైనట్టే. సింగెల్ కాల్వలో ఒక పడవ నిండా పిల్లులు ఉంటాయి. ఇది మీరెవరికి చెప్పినా నమ్మరు, మత్తులో ఏదో చూశావంటారు. అదీ నిజమే, దిక్కులేని పిల్లుల్ని చేరదీసే పడవ, 1960ల నుంచి ఉంది. నీళ్లలో కింద సైకిళ్లున్నాయని మీ పక్కవాడు గొణిగితే అతన్ని కూడా నమ్మండి. ఏటా వేల సైకిళ్లు కాల్వల్లోంచి బయటికి తీస్తారు. చూస్తుంటే, ఇక్కడ నిజాలే ఇంత విడ్డూరంగా ఉంటే పైన పొగ ఎందుకో నాకు అర్థం కాదు. సర్లెండి, గైడు రాసేవాడు అలా అనకూడదు.

ప్రిన్సెన్‌గ్రాక్ట్‌లో 263వ నంబరు ఇల్లు వస్తుంది. అన్నె ఫ్రాంక్ కుటుంబం 1942 జులై నుంచి 1944 ఆగస్టు వరకు దాక్కున్న ఇల్లు. ఇక్కడ జాయింట్ ఆర్పేసి, ఎవరో ఏదో జోకు వేస్తే నవ్వకుండా కూర్చోండి. ఈ ఒక్క సూచనలో వెటకారం లేదు. పక్కనే వెస్టర్‌కెర్క్ చర్చి గోపురం. రెంబ్రాంట్‌ను 1669లో అక్కడే పూడ్చారు, సమాధి ఎక్కడో ఎవరికీ తెలియదు.

సరిగ్గా ఇలాంటప్పుడే ఇంటి నుంచి వీడియో కాల్ వస్తుంది. ఇది తప్పదు, అమ్మలకి టైమింగ్ పుట్టుకతో వస్తుంది.

"ఒరేయ్, కళ్లేంట్రా అలా ఎర్రగా ఉన్నాయ్?"

"నిద్రలేదమ్మా. జెట్‌లాగ్."

"నిద్రలేక కాదు, కళ్లకలక. చన్నీళ్లతో కడుక్కో. ఏదీ, ఫోన్ బాబుకివ్వు."

బాబు అంటే బావమరిది. అతను నిజం చెప్పడు, అబద్ధం చెప్పలేడు. "అత్తయ్యా, ఇక్కడ పిల్లుల పడవ ఉందండీ" అని మొదలుపెడతాడు. అక్కడితో మీ పరువు కొంత నిలబడుతుంది.

దిగాక ఆ ఊపులోనే వాలెన్ వైపు నడవండి. ఎర్రదీపాల వీధులు కదా, అక్కడ అడ్డేముంటుంది అనుకోండి. 2023 మే 25 నుంచి ఆ వీధుల్లో గంజాయి కాల్చడం నిషేధం, జరిమానా 100 యూరోలు. అక్కడ నివసించేవాళ్లు నిద్ర పట్టక మొత్తుకోగా తెచ్చిన నిబంధన అది. అదే ఏడాది మార్చిలో నగరపాలక సంస్థ, అల్లరి చెయ్యడానికైతే మా ఊరికి రావద్దని బ్రిటన్ కుర్రాళ్లకి ఆన్‌లైన్ ప్రకటనలు కూడా ఇచ్చింది. రమ్మని ప్రకటనలిచ్చే ఊళ్లు చాలా చూశాం. కాల్వ అంచున నిలబడి చిన్నపని కానిచ్చేద్దామన్న ఆలోచన వస్తే దానికీ జరిమానా ఉంది. జరిమానా పడితే అదృష్టవంతులు, కాలుజారి నీళ్లలో పడ్డవాళ్లూ ఉన్నారు.

తిరుగు ప్రయాణంలో జేబులు తడుముకోండి. బాగా తడుముకున్నామనుకున్నాక మళ్లీ ఒకసారి. మన దగ్గర 1985 నాటి ఎన్‌డీపీఎస్ (మత్తుమందుల) చట్టానికి చూసీ చూడనట్టు ఊరుకునే అలవాటు లేదు. ఆ మిగిలిన చిటికెడు కూడా దాని లెక్కలో నేరమే: ఏడాది దాకా జైలు, లేదా 10,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. ఆమ్‌స్టర్‌డామ్‌లో ఉచితంగా చూసీ చూడనట్టు వదిలేసిన దాన్ని శంషాబాద్‌లో సంచీ విప్పి మరీ చూస్తారు. కొన్న చిన్న కవరు జాకెట్ లోపలి జేబులో ఉండిపోయిందని మీకు క్యూలో నిలబడ్డాకే గుర్తొస్తుంది. ఆ జాకెట్ మా బావమరిదిది అని చెబుదామని నోటిదాకా వస్తుంది. వెనక్కి తిరిగి చూడండి, మీ వెనకే నిలబడి ఆ పిల్లుల పడవ ఫోటోలు ఎవరికో పంపుకుంటున్నాడు.