ట్రాకు బండి పద్యం: టీకా తాత్పర్య సహితం

మూలం

పాత బండి చాలు పరుగుపందెమునకు
బ్రేకు ముందు మార్చు పిదప టైరు
బరువు దించి వంపు పట్టు నేర్చిన వెన్క
ఇంజనంటవచ్చు హెచ్చు మిగుల

అవతారిక

శాస్త్రారంభంలో విషయం, ప్రయోజనం, సంబంధం, అధికారి అనే నాలుగింటిని నిరూపించడం సంప్రదాయం. తక్కువ డబ్బుతో ఒక మామూలు కారును రేసు ట్రాకు మీద రోజంతా తిరిగి నిలిచేలా సిద్ధం చేయడం ఈ పద్యానికి విషయం. ప్రయోజనం దృష్టమని, అదృష్టమని రెండు విధాలు. ల్యాపు సమయం తగ్గడం దృష్టం. బండీ యజమానీ ఉదయం బయలుదేరిన ఆకారంలోనే సాయంత్రం ఇల్లు చేరడం అదృష్టం. పద్యానికీ విషయానికీ ఉన్నది ప్రతిపాదక ప్రతిపాద్య సంబంధం. విషయానికీ బ్యాంకు ఖాతాకూ ఉన్నది బాధక బాధ్య సంబంధం. నెల జీతం, చెల్లుబాటయ్యే డ్రైవింగ్ లైసెన్సు, కప్పు గెలవాలన్న కోరిక లేకపోవడం, ఇంట్లోవాళ్ల అనుమతి అనే సాధన చతుష్టయం గలవాడు అధికారి. నాలుగోది సంపాదించడం మొదటి మూడింటికంటే కష్టమని పెద్దలు.

కర్త పేరు తెలియదు. గోళ్ల సందున గ్రీజు ఉన్నవాడని మాత్రం శైలిని బట్టి ఊహించవచ్చు.

దేశ నిర్ణయం. హైదరాబాదులో 2023 ఫిబ్రవరి 11న ఫార్ములా ఈ పందెం జరిగిన 2.8 కిలోమీటర్ల బాట హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఉన్న నగర వీధి. పందెం ముగియగానే అది తిరిగి ట్రాఫిక్ పాలైంది కాబట్టి ఈ శాస్త్రానికి పనికిరాదు. ఢిల్లీ దగ్గరి బుద్ధ్ సర్క్యూట్ 5.125 కిలోమీటర్లది, పెద్ద ఇంజన్లకు తగినది. కోయంబత్తూరులోని కరి మోటార్ స్పీడ్‌వే 2.1 కిలోమీటర్లది. ఇక్కడి వ్యాఖ్య చెన్నై పక్కన శ్రీపెరుంబుదూరు దాపున ఇరుంగాట్టుకోట్టైలో 1990 నుంచి నడుస్తున్న 3.7 కిలోమీటర్ల ట్రాకును దృష్టిలో పెట్టుకుని సాగుతుంది.

ప్రతిపదార్థం

పాత బండి = కొత్తది కానిది, కుళ్లిపోనిది అయిన కారు; చాలు = సరిపోతుంది (ఇంకొకటి కొనవద్దని భావం); పరుగుపందెమునకు = గడియారంతో చేసే పోటీకి; బ్రేకు = ప్యాడ్లు, డిస్కులు, హోసులు, బ్రేకాయిల్ అనే నాలుగింటి సముదాయాన్ని; ముందు = సీటు కవర్ల కంటే, స్టిక్కర్ల కంటే, అన్నిటికంటే ముందు; మార్చు = కొత్తవి వేయుము; పిదప = ఆ బిల్లు కట్టిన తర్వాత; టైరు = నాలుగు టైర్లను (జాత్యేకవచనం; ఒక్కటి మారిస్తే చాలదు); బరువు దించి = అక్కరలేని భారాన్ని తీసేసి; వంపు పట్టు = మలుపులో బండి నిలకడను; నేర్చిన వెన్క = అభ్యాసంతో సాధించిన పిమ్మట; హెచ్చు మిగుల = డబ్బు మిగిలినట్లయితే; ఇంజన్ = ఇంజన్‌ను; అంటవచ్చు = ముట్టుకోవచ్చు. విధ్యర్థం కాదు, అనుమతి మాత్రమే. ముట్టుకోకపోతే దోషం లేదు.

తాత్పర్యం

ట్రాకు కోసం కొత్త కారు కొనవలసిన పని లేదు. ఉన్నదానికి మొదట ఆగే శక్తిని, తర్వాత అంటుకునే శక్తిని కల్పించాలి. ఆపైన బరువు తగ్గించి, మలుపులు తిప్పడం నేర్చుకోవాలి. అప్పటికీ జేబులో ఏమైనా మిగిలితే పరుగెత్తే శక్తి సంగతి ఆలోచించవచ్చు.

మొదటి పాదం: బండి ఎంపిక

ఉదాహరణగా మారుతి ఎస్టీమ్‌ను తీసుకోవచ్చు. 1298 సీసీ ఇంజన్, 900 కిలోల లోపు బరువు. ఎంపీఎఫ్ఐ ఇంధన వ్యవస్థ వచ్చాక 85 గుర్రాల శక్తి. మన రేసుల్లో, ర్యాలీల్లో చాలా ఏళ్లు తిరిగిన కారు కాబట్టి దాని రోగాలూ మందులూ మెకానిక్కులకు కంఠస్థం. తేలిక, విడిభాగాల లభ్యత, తెలిసిన చరిత్ర అనే మూడు గుణాలున్న ఏ బండి అయినా ఇక్కడ గ్రాహ్యమే.

‘పాత’ అనే విశేషణానికి అతివ్యాప్తి రాకుండా చూసుకోవాలి. బాడీ అడుగున, స్ట్రట్లు కూర్చునే చోట తుప్పు పట్టినది పాత బండి కాదు, తుక్కు. తుప్పును రంగు కప్పుతుంది కానీ మోయదు. కొన్న వెంటనే టైమింగ్ బెల్టు, కూలెంట్ హోసులు, బుష్‌లు, బాల్ జాయింట్లు చూసి మార్చాలి. బండి ధరను మాత్రమే లెక్కేసి ఈ ఖర్చును మరిచినవాడికి మొదటి పాదం దగ్గరే డబ్బు అయిపోయి, మిగిలిన మూడు పాదాలు చదివే అవకాశం ఉండదు.

కాగితాల సంగతి. సొంత కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకు చెల్లుతుంది. ఆపైన ఫిట్‌నెస్ చూపించి 5 ఏళ్లకోసారి పొడిగించుకోవాలి. కంపెనీ ఇచ్చిన నిర్మాణాన్ని మార్చిన వాహనం రోడ్డుకు పనికిరాదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో స్పష్టం చేసింది. కాబట్టి సీట్లు పీకి, లోపల గొట్టాల రోల్ కేజ్ కట్టిన బండి ట్రాకు దాకా లారీ మీద రావాలి. సొంత చక్రాల మీద వచ్చేది రోడ్డు బండిగానే ఉండాలి. రేసులనూ వేగ పరీక్షలనూ మామూలు కారు పాలసీ షరతులు మినహాయిస్తాయి. అక్కడ విరిగిన బంపరు ఖర్చు యజమానిదేనని మొదటి పాదంలోని ‘చాలు’కు ధ్వని.

రెండో పాదం: బ్రేకు, టైరు

కొన్ని ప్రతులలో ‘బ్రేకు ముందు’ అనే చోట ‘టర్బో ముందు’ అని పాఠాంతరం. అది ప్రక్షిప్తం. ఆటవెలది రెండో పాదంలో అన్నీ సూర్యగణాలే ఉండాలి. ‘టర్బో’ రెండు గురువులు, సూర్యగణం కాదు. ‘పిదప’తో యతీ కుదరదు. గణభంగం, యతిభంగం, హెడ్ గాస్కెట్ భంగం అనే మూడు దోషాలున్న పాఠాన్ని పండితులు స్వీకరించరు.

పూర్వపక్షం: రోడ్డు మీద చక్కగా ఆగుతున్న బండికి బ్రేకు మార్చడం పునరుక్తి కాదా?

సమాధానం: కాదు. 900 కిలోల బండి గంటకు 140 కిలోమీటర్ల నుంచి 60కి దిగినప్పుడు సుమారు 550 కిలోజౌళ్ల శక్తి వేడిగా మారుతుంది. లీటరున్నర చన్నీళ్లను మరగబెట్టడానికి అది చాలు. రోడ్డు మీద ఈ పని ఎప్పుడో ఒకసారి. ట్రాకు మీద ల్యాపుకు నాలుగైదు సార్లు, మధ్యలో చల్లబడే తీరిక లేకుండా. ఆ వేడిలో పెద్ద భాగం ముందు డిస్కుల నెత్తినే పడుతుంది.

బ్రేకు చచ్చిపోవడం రెండు రకాలు, లక్షణాలు వేరు. పెడల్ గట్టిగానే ఉండి బండి ఆగకపోతే ప్యాడు మాడినట్లు. పెడల్ మెత్తబడి నేలను తాకితే బ్రేకాయిల్ మరిగి ఆవిరి బుడగలు పుట్టినట్లు. రెండోది ప్రాణాంతకం, దాని మందు చవక. డాట్ 3 రకం కొత్తగా ఉన్నప్పుడు మరగవలసిన కనీస ఉష్ణోగ్రత 205 డిగ్రీలు, డాట్ 4కు 230, డాట్ 5.1కు 260. తేమ పీల్చుకున్నాక ఇవి 140, 155, 180కి పడిపోతాయి. గాలిలోని తేమను తాగడం ఈ ద్రవాల స్వభావం. అందువల్ల ఏళ్ల తరబడి మార్చని ఖరీదైన డాట్ 5.1 కంటే నిన్న పోసిన డాట్ 4 మేలు. ‘మార్చు’ అన్న క్రియకు పాతది పూర్తిగా తీసి, నాలుగు చక్రాల దగ్గరా గాలి పోయేదాకా కొత్తది తోడమని అర్థం. పైన కాస్త కలిపితే విధి నెరవేరదు. పేరు దగ్గరగా ఉంది కదా అని సిలికాన్ రకమైన డాట్ 5ను వీటితో కలపరాదు.

ప్యాడ్లు ఎక్కువ వేడికి తట్టుకునేవి కావాలి. ముందు వాటిని సాధు చేయాలి: మెల్లగా, తర్వాత గట్టిగా కొన్నిసార్లు నొక్కి, చల్లారనివ్వాలి. ప్రతి సెషన్ చివరి ల్యాపు బ్రేకు పెద్దగా ముట్టకుండా నడపడం ఆచారం. పార్కింగులో వేడి మీద హ్యాండ్‌బ్రేకు లాగడం నిషిద్ధం. గేరులో పెట్టి, చక్రానికి అడ్డు వేయాలి.

టైరు విషయంలో వెడల్పు కంటే వయసు ముఖ్యం. పక్కన ముద్రించిన నాలుగంకెల్లో మొదటి రెండు వారం, చివరి రెండు సంవత్సరం: 2319 అంటే 2019లో 23వ వారం. గాట్లు లోతుగా ఉన్నా రబ్బరు గట్టిపడితే పట్టు ఉండదు. చల్లగా ఉన్నప్పుడు నింపిన గాలి కొన్ని ల్యాపుల్లోనే నాలుగైదు పీఎస్ఐ పెరుగుతుంది. అందుకే సెషన్ ముగిసి బండి ఆగగానే, వేడి మీదే కొలిచి నాలుగింటినీ సరిచేయాలి. ఇంటికి బయలుదేరేముందు మళ్లీ నింపడం మరవరాదు. ఈ పాదంలో అన్నిటికంటే చవకైన పరికరం గాలి కొలిచే గేజి.

మూడో పాదం: బరువు, వంపు, నేర్పు

85 గుర్రాల బండి 900 కిలోలుంటే, అందులో 90 కిలోలు తీసేస్తే 94 గుర్రాల ఇంజన్ వేసినంత ఫలం. ఇంజన్ ఇవ్వని లాభాలూ బరువు తగ్గడంలో ఉన్నాయి: బ్రేకు తక్కువ కాగుతుంది, టైరు తక్కువ అరుగుతుంది. స్టెప్నీ, జాకీ, డిక్కీలోని సామాను, మ్యాట్లు మొదట దిగాలి. 20 లీటర్ల పెట్రోలు తక్కువ పోస్తే 15 కిలోలు తగ్గినట్లే. సీటు బెల్టులు, ఎయిర్‌బ్యాగులు బరువు కాదు, వాటిని తీయరాదు. డ్రైవరు సొంత బరువు సంగతి పద్యం స్పష్టంగా చెప్పలేదు, కానీ ‘దించి’ అనే పదం ఎవరినీ మినహాయించలేదు.

వంపు పట్టుకు తొలి మెట్టు అరిగిన షాకబ్జర్లు, బుష్‌లు మార్చి అలైన్‌మెంట్ చేయించడం. మలుపులో బండి పక్కకు ఒరిగినప్పుడు బయటి చక్రం నెత్తి కూడా బయటికి వాలి టైరు అంచు మీద నిలుస్తుంది. ముందు చక్రాల పైభాగాన్ని ఒకటి రెండు డిగ్రీలు లోపలికి వంచి పెడితే ఆ దోషం తగ్గి టైరు మొత్తం నేలను పట్టుకుంటుంది. స్ప్రింగులు కోసి బండిని కిందికి దించడం వీధి శాస్త్రం. చక్రం గాలిలోకి లేచినప్పుడు కోసిన స్ప్రింగు తన గూడు వదిలే ప్రమాదం ఉంది కాబట్టి అది త్యాజ్యం.

‘నేర్చిన’ అన్నది ఈ పద్యానికి హృదయం. పై విధులన్నీ డబ్బుతో జరుగుతాయి. ఇది ఒక్కటే డబ్బుతో తీరదు. కొత్తవాడి ల్యాపులో పోయే సెకన్లు ఇంజన్‌లో లేవు. బ్రేకు తొందరగా వదలడంలో, మలుపు లోపలికి ముందే తిప్పేయడంలో, చూపును బానెట్ మీద ఆపడంలో ఉన్నాయి. కాబట్టి మిగిలిన డబ్బు ఒక శిక్షకుడికో, మరో ట్రాకు రోజు రుసుముకో పోవాలి. పోటీకి దిగాలంటే మన దేశ మోటార్ క్రీడల సమాఖ్య ఎఫ్ఎంఎస్‌సీఐ ఇచ్చే లైసెన్సు కావాలి.

రక్షణ సామగ్రిని పద్యం విడిగా చెప్పకపోవడం న్యూనత కాదు, అది అధ్యాహారం. హెల్మెట్ తీసుకునేటప్పుడు, వాటిని పరీక్షించే స్నెల్ సంస్థ గుర్తులో ఎస్ఏ అని ఉందా, ఎం అని ఉందా చూడాలి. ఎస్ఏ కారు పందేల రకం, మంటకు తట్టుకుంటుందని పరీక్షించినది. ఎం మోటారు సైకిలుది. ఒంటి మీద నూలు బట్టలుండాలి; పాలియెస్టరు మంటకు కరిగి చర్మానికి అంటుకుంటుంది. ప్రపంచ మోటార్ క్రీడల సమాఖ్య ఎఫ్ఐఏ గుర్తున్న బెల్టులకు గడువు 5 ఏళ్లు. రేసు సీటు, వెనక సరైన బారు లేకుండా నాలుగు పట్టీల బెల్టు కట్టడం కంటే కంపెనీ ఇచ్చిన మూడు బిందువుల బెల్టే నయం. ముందు వెనుకల తాడు కట్టే కొక్కెం, చేతికందే దూరంలో మంటలార్పే సిలిండరు ఉండాలి.

నాలుగో పాదం: ఇంజన్

‘వెన్క’, ‘ఇంజన్’ అనే పదాల మధ్య సంధి చేయలేదని ఛాందసులు తప్పు పడతారు. అది దోషం కాదు, ఉపదేశం. నేర్చుకోవడానికీ ఇంజన్‌ను ముట్టుకోవడానికీ మధ్య విరామం ఉండాలని కవి హృదయం.

ఇక్కడ ఆరోగ్యమే అభివృద్ధి. కొత్త ఆయిలు, ఫిల్టర్లు, ప్లగ్గులు, మడ్డి లేని రేడియేటరు, పనిచేసే ఫ్యాను ఉంటే చాలు. పొడవాటి మలుపులో ఆయిలు ఒక పక్కకు చేరి పంపుకు అందకపోవచ్చు కాబట్టి డిప్‌స్టిక్ మీద మట్టం పై గీత దగ్గర ఉండాలి. ఫ్రీ ఫ్లో సైలెన్సరు వల్ల కలిగే శక్తి స్వల్పం, శబ్దం అనల్పం. ఇది అతిశయోక్తి అలంకారానికి లక్ష్యం.

ఫలశ్రుతి

ఈ క్రమం పాటించినవాడి బండి చివరి సెషన్‌లోనూ ట్రాకు మీదే ఉంటుంది. క్రమం తిరగేసినవాడి బండి మధ్యాహ్నానికే షెడ్డుకు ఫోన్ చేయిస్తుంది. జేబులో ఒక్క పనికే డబ్బుంటే, బయలుదేరేముందు కొత్త బ్రేకాయిల్ పోయించుకోవాలి.