నో-స్క్రీన్ నాన్న

కొండాపూర్ నుంచి తెల్లాపూర్ దాకా ఏ గేటెడ్ కమ్యూనిటీకి వెళ్లినా టవరుకొకడు తగులుతాడు, నో-స్క్రీన్ నాన్న. శుక్రవారం దాకా మైండ్‌స్పేస్‌లో కూర్చుని, జనం యాప్ వదలకుండా ఉండాలంటే ఏ బటన్‌కి ఏ రంగు వెయ్యాలా అని బుర్ర బద్దలుకొట్టుకుంటాడు. శనివారం తెల్లారగానే సొంత పిల్లల కళ్లను అలాంటి యాపుల నుంచే ఊడబెరకడానికి నడుం కడతాడు. వారమంతా జిగురు పూసేదీ ఈయనే, వారాంతంలో గోకేదీ ఈయనే.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పిన మాట ఈయనకు కంఠతా వచ్చు. ఏడాది నిండని పిల్లలకు తెర వద్దు, రెండు నుంచి నాలుగేళ్ల వాళ్లకు రోజుకు గంట మించొద్దు. నాన్నల ఊసు అందులో లేదు కాబట్టి దాన్ని ఫోన్‌లోనే చదివి, ఫోన్‌లోనే అపార్ట్‌మెంట్ గ్రూపుకు పంపిస్తాడు.

మే నెల. సాయంత్రం ఎండ దిగేదాకా పిల్లలు కిందికి వెళ్లే వీల్లేదు. పొద్దున పదింటికే హాల్లో స్టాండప్ మీటింగ్. పదిన్నరకు కాగితం కొంగలు, పదకొండుకు బంకమట్టి, పదకొండున్నరకు "స్వేచ్ఛగా ఆడుకోవడం". అదీ షెడ్యూల్లో భాగమే, పావుగంట! ఏటికొప్పాక లక్కబొమ్మలూ తెప్పించాడు. అంకుడు కర్ర, సహజమైన రంగులు అని పిల్లలకు ఉపన్యాసమిచ్చి, గీతలు పడతాయని అద్దాల అల్మరాలో పెట్టి తాళం వేశాడు.

ఊరి నుంచి వచ్చిన తల్లి ఇదంతా చూసీ చూసీ, సుద్దముక్క తీసి నేల మీద అష్టాచెమ్మా గళ్లు గీసింది.

"అమ్మా, ఇటాలియన్ మార్బుల్!"

"కడిగితే పోతది తియ్యి."

గవ్వలు గలగలమన్నాయి. నాలుగూ వెల్లకిలా పడితే చెమ్మ, నాలుగు. అన్నీ బోర్లా పడితే అష్ట, ఎనిమిది.

"ఒక్క కాయనన్న చంపితేనే లోపలి గళ్లల్లకు పోవాలె," అంది నానమ్మ.

"చంపడం ఏంటమ్మా, పిల్లల ముందు! 'రీలొకేట్' అందాం."

పిల్లలు వినిపించుకోలేదు. పెద్దాడు చెల్లెలి కాయను చంపాడు, చెల్లెలు వాడి జుట్టు పట్టుకుంది, ఇద్దరూ మళ్లీ పందెం వేశారు. నాన్న మాత్రం ఫోన్ తీసి రూల్స్ వెతికాడు. "ఆగండాగండి, ఇక్కడ వేరేలా ఉంది" అంటూ ఆట ఆపాడు. గవ్వలు ఫొటో తీస్తానని ఇంకోసారి ఆపాడు. ఈ ఆటను యాప్‌గా చేస్తే ఎలా ఉంటుందని మరోసారి ఆపాడు.

చిన్నది విసిగిపోయింది. "నానమ్మా, నాన్నకి ఏదైనా వీడియో పెట్టిచ్చి ఆ మూల కూర్చోబెట్టవా? లేకపోతే మనల్ని ఆడుకోనివ్వడు!"