పసుపు పొడి సీసా ఆత్మకథ

తన కథను పరాయివారి కథలా చెప్పుకుంటున్న ఈ గాజుసీసాలో 50 మిల్లీగ్రాముల ఆంఫోటెరిసిన్-బి పసుపు పొడిగా నిద్రిస్తూ ఉంటుంది. శిలీంధ్రాలను, అంటే ఫంగస్ జాతి జీవులను చంపే ఈ పదార్థాన్ని, వెనిజులాలోని ఒరినోకో నదీ ప్రాంతపు మట్టిలో దొరికిన స్ట్రెప్టోమైసిస్ నోడోసస్ అనే సూక్ష్మజీవి నుంచి స్క్విబ్ సంస్థ పరిశోధకులు 1950ల నడుమ వేరుచేశారు. ఆమ్లంగానూ క్షారంగానూ ప్రవర్తించగల గుణమే దానికి ఆ పేరు తెచ్చింది.

ఫంగస్ జాతికే చెందిన ఈస్టు కణాన్ని చుట్టి ఉండే పలుచని పొరలో ఎర్గోస్టెరాల్ అనే కొవ్వు పదార్థం ఉంటుంది. మందు దానిని పట్టుకుని పొరను చెడగొట్టడంతో కణంలోని లవణాలు బయటికి కారి కణం చనిపోతుంది. అయితే మనిషి కణాల పొరలోని కొలెస్టరాల్ ఆ ఎర్గోస్టెరాల్‌కు దగ్గరి చుట్టం కావడం వల్ల, పిత్త లవణంతో కలిపి తయారుచేసిన తొలి రూపంలో ఈ మందు రోగికి చలి, వణుకు, జ్వరం తెచ్చేది. మూత్రపిండాలను దెబ్బతీసి, రక్తంలోని పొటాషియంను, మెగ్నీషియంను తగ్గించేది. ప్రాణం నిలిపే మందే అవయవాన్ని హరించడం ఈ సీసా వంశానికి దశాబ్దాల పాటు తీరని వేదనగా మిగిలింది.

ఆ వేదనకు ఉపశమనం కొవ్వు నుంచే వచ్చింది. ఫాస్ఫోలిపిడ్లు, అంటే కణపు పొరలను నిర్మించే కొవ్వులు, నీటిలో వాటంతటవే బోలు గోళాలుగా ముడుచుకుంటాయని 1960లలో ఇంగ్లండులో అలెక్ బ్యాంగమ్ బృందం చూపింది. లిపోసోములనే ఆ గోళాల గోడలో మందును పొదిగిన రూపానికి 1990లో ఐర్లాండులోనూ, 1997లో అమెరికాలోనూ అనుమతి లభించింది. నూరు నానోమీటర్లకు లోపే ఉండే ఆ గోళం రక్తంలో చెదరకుండా తిరిగి, ఫంగస్ కణపు గోడను అంటుకున్నాకనే మందును విడుస్తుంది గనుక, మూత్రపిండాలకు ముప్పు పూర్తిగా పోకపోయినా బాగా తగ్గింది.

క్యాన్సర్ చికిత్సతో తెల్ల రక్తకణాలు పడిపోయిన రోగిలో, పేగులోనో చర్మంపైనో అణగి ఉండే కాండిడా అనే ఈస్టు రక్తంలోకి చొరబడినప్పుడు ఈ సీసాకు పిలుపు రావచ్చు. నేడు అందుకు ముందుగా ఎకినోకాండిన్ వర్గపు మందులు ఇస్తున్నప్పటికీ, అవి పనిచేయనిచోట, సరిపడనిచోట ఇదే ఆధారం. 12 మిల్లీలీటర్ల శుద్ధజలం పోసి అర నిమిషం గట్టిగా కుదిపిన తరువాత, ఉప్పునీటి సెలైన్‌లో కలిపితే విరిగిపోతుంది గనుక, డెక్స్‌ట్రోజ్ ద్రావణంలోనే పలుచన చేసి సుమారు రెండు గంటల పాటు సిరలోకి ఎక్కిస్తారు. కిలో బరువుకు 3 మిల్లీగ్రాముల చొప్పున 60 కిలోల మనిషికి రోజుకు 180 మిల్లీగ్రాములు, అంటే నాలుగు సీసాలు కావాలి. రక్తపరీక్షలో ఈస్టు కనబడకుండా పోయాక కూడా రెండు వారాలు చికిత్స సాగాలి.

హెచ్ఐవీ రోగులకు మెదడు పొరల వాపు తెచ్చే క్రిప్టోకాకస్ అనే మరో ఈస్టుపై, కిలోకు 10 మిల్లీగ్రాముల ఒకే మోతాదు, రెండు నోటి మందుల తోడుతో, చాలునని ఆఫ్రికాలో జరిగిన పరిశోధన తేల్చగా, 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దానిని సిఫారసు చేసింది. 2021లో నల్ల ఫంగస్ విజృంభించినప్పుడు తెలుగు రాష్ట్రాల్లో ఇదే సీసా కోసం బంధువులు దుకాణం దుకాణం తిరిగిన రోజులను తలచుకుంటే, ఒక్క మోతాదుతో సరిపెట్టగలగడం ఎంతటి మేలో అర్థమవుతుంది. మట్టిలో పుట్టి, కొవ్వు గోళంలో సౌమ్యత నేర్చుకున్న ఈ మందు జన్మకు సార్థకత, వేళ మించకముందే రోగి సిరను చేరడంలోనే ఉంది.