కొరియా అత్తయ్య

మా మేనత్త మొన్నటిదాకా గుడివాడ దాటితే మహా అయితే తిరుపతి. అయినా సియోల్‌లో ఏ సందు ఎటు తిరుగుతుందో చెప్పేస్తుంది. 2020 లాక్‌డౌన్‌లో సీరియళ్ళ షూటింగులు ఆగిపోయి పాత ఎపిసోడ్లే తిప్పితిప్పి వేస్తుంటే విసుగెత్తి, మనవరాలి ఫోనులో 'క్రాష్ ల్యాండింగ్ ఆన్ యూ' అనే కొరియా డ్రామా చూసింది. మావయ్యకి అప్పుడు పట్టుకుంది శని.

ఇలాంటి అత్తయ్యలు ఇప్పుడు వీధికొకరు. కుర్చీలోంచి "అయ్యో" అని కాక "అయిగూ" అంటూ లేచారంటే వాళ్ళే. "మాట చివర 'యో' తగిలిస్తే మన 'అండీ' అన్నట్టేరా, అమ్మని 'ఒమ్మా' అంటారు" అని నాకు పాఠం చెప్పింది. మావయ్యతో మాట్లాడేటప్పుడు మాత్రం ఆ 'యో' గుర్తురాదు.

కొరియాలో వానపడితే ఉల్లికాడల అట్టు వేసుకుంటారట. పకోడీల కోసం కాచుక్కూర్చున్న మావయ్యకి అదే పెట్టింది. పెద్దల ముందు సోజు అనే మద్యం తాగేటప్పుడు మొహం పక్కకి తిప్పుకోవడం అక్కడి మర్యాదని, మరిది చేత మజ్జిగ కూడా గోడవైపు తిరిగి తాగించింది. పరీక్షరోజున సముద్రపు నాచు చారు తాగితే మార్కులు జారిపోతాయని అక్కడ నమ్మకం. పాపం, దానివల్ల ఎంసెట్ రోజున మావాడికి బెండకాయ పులుసు దక్కలేదు. జారేదే కదా!

2023 జూన్‌లో కొరియా ప్రభుత్వం పాత వయసు లెక్క తీసేసింది. పుట్టగానే ఒకటి, జనవరి ఒకటికి ఇంకొకటి వేసుకునే పద్ధతి పోయి, కాగితాల మీద జనానికి ఒకట్రెండేళ్ళు తగ్గాయి. "మనకెప్పుడు తీసేస్తారో" అంది అత్తయ్య.

నవ్వుతాను గానీ, 'రిప్లై 1988'లో సాయంత్రం పూట పిల్లలు ఇంటింటికీ కూరగిన్నెలు మోసే ఘట్టం దగ్గర ఆవిడ కళ్ళు తుడుచుకోవడం చూశాను. అత్తయ్య వాళ్ళ పాత వీధిలోనూ ఇచ్చిన గిన్నె ఖాళీగా తిరిగొచ్చేది కాదు. ఇప్పుడున్న అపార్ట్‌మెంటులో ఎదురింటివాళ్ళ పేరే తెలీదు. అత్తయ్యకి ఆ డ్రామాలో కనబడింది కొరియా అనుకోను.

మొన్న పెనుకొండలో కొడుకు ఇంటికి వెళ్ళింది. అక్కడ కియా ఫ్యాక్టరీ పుణ్యమా అని కొరియా వాళ్ళు బజార్లోనే కనిపిస్తారు. కూరగాయల కొట్టు దగ్గర ఒకాయన టమాటాలు ఏరుకుంటున్నాడు. అత్తయ్య నడుం వంచి, "అన్యోంగ్ హాసెయో" అని, భోంచేశారా అని కూడా కొరియన్‌లోనే అడిగింది. ఆయన చేతిలో టమాటా పక్కన పెట్టి, "తిన్నానండీ, మీరు?" అన్నాడు.

అత్తయ్య మొహం వాడిపోయింది. ఏయే డ్రామాలు చూశారని అడిగింది. డ్యూటీ అయ్యాక నిద్ర తప్ప ఇంకేం చూడనన్నాడట.

ఆయన కొరియా వాడే కాదని అత్తయ్య తీర్పు.