ఆత్మజ్ఞానం, జీఎస్టీ అదనం

అధినేత తన గుణదోషాలను, ఆవేశాలను, అవి చుట్టూ ఉన్నవారిపై చూపే ప్రభావాన్ని తానే గుర్తెరగడాన్ని యాజమాన్య శాస్త్రం స్వీయ అవగాహన అంటుంది. డేనియల్ గోల్‌మన్ 1995లో ‘ఎమోషనల్ ఇంటెలిజెన్స్’ను వెలువరించి, ఆ తరువాత ఈ గుణాన్ని నాయకత్వ లక్షణాలలో మొదటి పీట ఎక్కించాక, అది అలవరచుకోవలసినదిగా కాక కొనుక్కోవలసినదిగా మారింది. రిసార్టులో రెండు రాత్రుల బస, ఒక కోచ్, ఒక ప్రశ్నావళి ఉంటే చాలు. గదిలోకి వెళ్లిన ఉద్యోగి ఎందుకు నీళ్లు నములుతాడో టీ అందించే కుర్రవాడికి సైతం తెలిసినా, ఆ సంగతి అధినేతకు మాత్రం గంటల లెక్కన రుసుము పుచ్చుకునే నిపుణుడే విన్నవించాలి.

ఈ అంగడిలో పేరుమోసిన సరుకు మైయర్స్-బ్రిగ్స్ పరీక్ష. కార్ల్ యుంగ్ 1921లో ప్రకటించిన వ్యక్తిత్వ భేదాల ఆధారంగా, మనస్తత్వశాస్త్రంలో శిక్షణ పొందని తల్లీకూతుళ్లు క్యాథరిన్ బ్రిగ్స్, ఇసబెల్ మైయర్స్ దీనిని రూపొందించారు. ఇది మానవజాతిని 16 మూసలలో పోసి ఒక్కొక్కరికి నాలుగక్షరాల ముద్ర వేస్తుంది; ఆ పదహారింటిలో పిరికివాడు, లోభి, ముఖస్తుతికి లొంగేవాడు అనే మూస ఒక్కటైనా లేకపోవడం దాని జనాదరణకు కొంత కారణమై ఉండవచ్చు. 1948లో బెర్ట్రమ్ ఫోరర్ అనే మనస్తత్వవేత్త 39 మంది విద్యార్థులకు పరీక్ష పెట్టి, ఎవరి ఫలితం వారిదేనని నమ్మించి, జ్యోతిషం పుస్తకం నుంచి ఏరిన వాక్యాలతో కూర్చిన ఒకే వర్ణనను అందరికీ పంచగా, అది తమను ఎంత బాగా పట్టిచ్చిందో చెబుతూ వారు ఐదుకు సగటున 4.26 మార్కులు వేశారు. ఎవరికైనా అతికే మాటను తనకోసమే కుట్టించారనుకునే ఈ బలహీనతను బార్నమ్ ప్రభావం అంటారు. ఆ ప్రభావానికి లోనవడానికి విద్యార్థులకు ఖర్చేమీ కాలేదు, అధినేతలకు మాత్రం అవుతోంది.

జోసెఫ్ లుఫ్ట్, హ్యారింగ్టన్ ఇంగమ్ 1955లో ప్రతిపాదించిన జోహారి కిటికీ ఇంతకంటే నిజాయితీ గల సాధనం. మనిషి గురించి ఇతరులకు తెలిసి అతనికి తెలియని భాగాన్ని అది విడిగా చూపుతుంది కనుక, ఆ భాగం వెలుగు చూడాలంటే ఇతరులు నోరు విప్పక తప్పదు. ఇందుకోసం కార్పొరేట్ లోకం 360 డిగ్రీల ఫీడ్‌బ్యాక్‌ను, అంటే పైవారు, సాటివారు, కిందివారు పేరు చెప్పకుండా అభిప్రాయం రాసే పద్ధతిని, అమలు చేస్తోంది. నలుగురే ఉన్న విభాగంలో ఎవరు రాశారో వాక్యం తీరే పట్టిస్తుంది కాబట్టి, సారు ఆరోగ్యాన్ని కూడా లెక్కచేయకుండా పనిచేస్తారనే ఘోరాపరాధం తప్ప ఆ నివేదికలలో మరేదీ బయటపడదు. అధినేత దానిని నిండు సభలో గద్గద స్వరంతో ఒప్పుకొని, పాత కీర్తికి వినయశీలి అనే కొత్త బిరుదును జోడించుకుంటాడు.

నాయకుడు తనను తాను ఎరిగితే సంస్థ బాగుపడుతుందనే సిద్ధాంతానికి హైదరాబాదే గట్టి జవాబు చెప్పింది. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ అధిపతి రామలింగరాజు, లెక్కల్లో చూపిన నగదులో 5,040 కోట్ల రూపాయలు లేనే లేవని, ఆ అంతరం ఏటేటా ఎలా పెరిగిందో వివరిస్తూ రాసిన లేఖను చదివినవారెవరూ ఆయనకు స్వీయ అవగాహన కొరవడిందని అనలేరు. అక్కడ కొరవడినది అడ్డుచెప్పే నోరు. అంతకు మూడు వారాల ముందు, 2008 డిసెంబరు 16న, యాజమాన్య విద్య బోధించే ఆచార్యులు సైతం సభ్యులుగా ఉన్న బోర్డు, రాజు కుటుంబానికి సంబంధించిన రెండు మేటాస్ సంస్థలను సుమారు 160 కోట్ల డాలర్లకు కొనే ప్రతిపాదనను ఏకగ్రీవంగా ఆమోదించింది. దానిని గంటల వ్యవధిలో వెనక్కి తీసుకునేలా చేసింది అధినేత ఆత్మపరిశీలన కాదు, వాటాదారుల ఆగ్రహం.

కనుక నాయకుడి స్వీయ అవగాహనను కొలవదలచినవారు అతని ధ్యాన తరగతులను, నాలుగక్షరాల ముద్రను పక్కనపెట్టి, నిరుడు మీటింగులో అతనితో విభేదించిన ఉద్యోగికి ఈ ఏడు అప్రైజల్‌లో ఏ రేటింగు దక్కిందో చూస్తే సరిపోతుంది. ఆ సమాచారం హెచ్‌ఆర్ విభాగం ఫైళ్లలోనే ఉచితంగా దొరుకుతుంది. అందుకే దానిని ఏ కోచ్ అమ్మడు, ఏ అధినేతా అడగడు.