మా తోడల్లుడి నౌకాదళం

మా తోడల్లుడికి సొంత నౌకాదళం ఉంది. కాకపోతే అందులో ముప్పాతిక వంతు అటక మీద, అట్టపెట్టెల్లో, సీలు విప్పకుండా ఉంది. ఇలాంటి మనిషి మీ బంధువుల్లోనూ ఉండే ఉంటారు. కొందరికి స్టాంపులు, కొందరికి పాత రేడియోలు, మా అన్నగారికి (తోడల్లుణ్ణి అలాగే పిలుస్తాను) బుల్లి యుద్ధనౌకలు అతికించుకునే రెజిన్ కిట్లు. ప్లాస్టిక్ కిట్లంటే ఆయనకి చులకన. "అవి పిల్లలకోయ్" అంటారు. రెజిన్‌వి మాత్రం విదేశాల నుంచి కస్టమ్స్ సుంకం కట్టించుకుని మరీ పక్కింటి అడ్రసుకి వస్తాయి. వదినగారికి చెప్పే ధరలో ఒక సున్నా దారిలోనే రాలిపోతుంది.

పెట్టె విప్పితే ఓడ ఉండదు. పోతపోసిన దిమ్మలకి అతుక్కున్న ముక్కలుంటాయి. ముందు వాటికి తలంటు. అచ్చు నుంచి ఊడిరావడానికి పూసిన జిడ్డు పోకపోతే రంగు పట్టదట. వంకరపోయిన ముక్కల్ని వేణ్ణీళ్ళలో ముంచి తిన్నగా చేస్తారు, పప్పు ఉడకాల్సిన గిన్నెలోనే. తర్వాత రంపం కోత, నీళ్ళు తడుపుతూ ఎమరీ కాగితంతో రుద్దుడు. ఆ పొడి ఊపిరితిత్తులకి మంచిది కాదని ముక్కుకి మాస్కు. ఇదంతా బాల్కనీలో, వదినగారి వడియాల పక్కనే.

ఈమధ్య బల్ల మీదకెక్కింది ఎమ్డెన్. 1914 సెప్టెంబర్ 22 రాత్రి మద్రాసు మీద గుండ్లు కురిపించి చమురు ట్యాంకులు తగలబెట్టిన జర్మన్ క్రూయిజరు. 118 మీటర్ల ఓడ 700వ వంతుకి కుదిస్తే 17 సెంటీమీటర్లు, జానెడు కూడా కాదు. డెక్కు మీద నావికుడు నువ్వుగింజంత. ఆ గింజకి టోపీ సరిగ్గా రాలేదని భూతద్దంలో చూసి బాధపడతారు.

అసలు చిక్కు పొగగొట్టాలది. ఓడకి ఉన్నవి మూడు. అక్టోబర్ 28న పెనాంగ్ రేవులోకి దూరేటప్పుడు, బ్రిటిష్ ఓడ అనుకుంటారని నాలుగో దొంగ గొట్టం నిలబెట్టుకుని వెళ్ళారు. "మూడు గొట్టాల ఎమ్డెన్ వేరు, నాలుగు గొట్టాల ఎమ్డెన్ వేరు తమ్ముడూ" అని రెండో కిట్టు కొన్నారు. యుద్ధానికి ముందు తెల్లరంగులో ఉండేది కాబట్టి మూడోది కూడా కావాలట. అసలు ఓడ ఆ నవంబర్ 9నే కోకోస్ దీవుల దగ్గర సిడ్నీ అనే ఆస్ట్రేలియా క్రూయిజరు చేతిలో పోయింది. ఈయన దగ్గర దానికి ఆయుష్షు తీరేలా లేదు.

రంగుల విషయంలో ఆయనతో వేగలేం. మేం ఇంటికి బూడిదరంగు వేయించుకుంటే, గృహప్రవేశం భోజనాల్లో గారె నోట్లో ఉండగానే "కొంచెం నీలం ఎక్కువైందోయ్" అన్నారు. నలుపు తెలుపు ఫోటో చూసి అది ఏ బూడిదో తేల్చే మనిషికి మా గోడ ఒక లెక్కా? అప్పట్నుంచీ నాకూ నీలంగానే కనబడుతోంది. ఆయన ఉండేది విశాఖలోనే కదా అని బీచి రోడ్డులో మ్యూజియంగా పెట్టిన కురుసుర సబ్‌మెరైన్ చూపించమన్నాం. 91 మీటర్ల నిజం ఓడని పైకీ కిందికీ చూసి, "రంగు మందంగా కొట్టేశారు, వివరాలన్నీ పోయాయి" అన్నారు.

ఇక ఇత్తడి రెయిలింగులు అతికించే రోజు ఇంట్లో ఫ్యాను కట్టు. ఓసారి ట్వీజర్‌లోంచి నిచ్చెన ముక్క ఒకటి ఎగిరింది. "ఎవరూ కదలొద్దు!" అన్న కేకకి వదినగారు పాలు పొంగుతున్నా గుమ్మంలోనే నిలబడిపోయారు. నేనూ, మా ఆవిడా, పాలు పోయడానికి వచ్చిన కుర్రాడూ టార్చిలైటుతో నేలంతా పాకాం. చివరికది ఆయన కళ్ళజోడు మీదే దొరికింది. కానీ ఒకటి చెప్పాలి. కాఫీ గ్లాసు పట్టుకుంటే వణికే ఆ చేతులు ఆ బల్ల దగ్గర చిత్రంగా కదలవు. నాకైతే కుళ్ళే.

మొన్న సంక్రాంతికి వదినగారు పగ తీర్చుకున్నారు. పూర్తయిన ఎమ్డెన్‌ని బొమ్మల కొలువులో శెట్టి-శెట్టెమ్మల కాళ్ళ దగ్గర పెట్టేశారు. "స్కేలు కుదరదే!" అని ఆయన లబలబలాడారు. పేరంటానికి వచ్చిన ఓ రిటైరయిన హిస్టరీ మేడమ్ వంగి చూసి, "నాలుగో గొట్టం పెట్టలేదేమండీ?" అన్నారు. అంతే. ఆవిడ శనగలు చేతిలోనే ఉండగా అన్నగారు నిచ్చెనేసుకుని అటకెక్కారు.