బేడీలు తెంచుకున్న బైకు

యూరప్‌లో ఎలక్ట్రిక్ మౌంటెన్ బైకు కొన్నవాళ్లలో కొందరికి, బండి ఇంటికొచ్చిన కొన్నాళ్లకే తమకు జరిగిన ఘోర అన్యాయం తెలిసొస్తుంది. గంటకు 25 కిలోమీటర్లు దాటగానే మోటారు చేతులెత్తేస్తుంది. ఆరేడు వేల యూరోలు పోసి కొన్న బండి మీద కూర్చుని, పక్కనుంచి మామూలు సైకిలు తొక్కుకుంటూ వెళ్లిపోయే పెద్దాయన వీపు చూస్తూ ఉండాలా? పౌరుషం ఉన్నవాడెవడు సహిస్తాడు?

చట్టానికి పౌరుషాలతో పనిలేదు. తొక్కితేనే మోటారు సాయం చేయాలి, దాని నిరంతర శక్తి 250 వాట్లు మించకూడదు, 25 దగ్గర సాయం ఆగిపోవాలి. ఈ మూడూ ఉన్నంతవరకే అది సైకిలు. ఒక్కటి తప్పినా మోపెడ్ కిందికొస్తుంది. నంబరు ప్లేటు, బీమా, లైసెన్సు వెంటబడతాయి. మన దేశంలోనూ రిజిస్ట్రేషన్ అక్కర్లేని ఎలక్ట్రిక్ బండికి గీత ఇంచుమించు అక్కడే గీశారు.

ఆ గీతను చెరిపేసే చిన్న డబ్బీ అంగట్లో దొరుకుతుంది. వెనక చక్రానికి ఒక అయస్కాంతం ఉంటుంది. చక్రం తిరిగిన ప్రతిసారీ సెన్సరు ఆ సంగతి మోటారుకు చేరవేస్తుంది. డబ్బీ మధ్యలో దూరి, రెండు చుట్లు తిరిగితే ఒకటేనని చెబుతుంది. మీరు 40లో పోతుంటారు, పాపం మోటారు 20 అనుకుని తోస్తూనే ఉంటుంది. ఇంతటి తంత్రం దేనికయ్యా అని అడిగి చూడండి. "టెక్నికల్ ట్రెయిల్స్ కోసమండీ" అంటారు, అదీ మొహంలో ఒక్క గీత కూడా కదలకుండా.

టెక్నికల్ ట్రెయిల్ అంటే ఏమిటో ఆ బండి అమ్మినవాడు వీళ్లకు చెప్పలేదేమో. చెట్ల వేళ్లు, మోకాలెత్తు రాతి మెట్లు, హ్యాండిల్ పట్టనంత ఇరుకు మలుపులు. ఎక్కేటప్పుడు గంటకు 7, 8 కిలోమీటర్లు, మొనగాడైతే 10. ఆ వేగంలో 25 అనే గీత ఎక్కడో దూరంగా నిద్రపోతుంటుంది. దాన్ని లేపి గొంతు పిసకాల్సిన అవసరం ఏమొచ్చింది? ఇక దిగేటప్పుడు మోటారుతో పనేముంది! గీత ఆపేది మోటారు సాయాన్నే తప్ప బండిని కాదు. ఇరవై నాలుగు కిలోల ఇనుమూ అల్యూమినియమూ, పైన ఎనభై కిలోల వీరుడు; బ్రేకులు వదిలితే చాలు, మిగతాది భూమ్యాకర్షణ చూసుకుంటుంది. ఎక్కుడులో అక్కర్లేదు, దిగుడులో పనికిరాదు. మరి ఆ డబ్బీ పనిచేసేదెక్కడ? కారు పార్కింగు నుంచి ట్రెయిల్ మొదలయ్యే చోటుదాకా ఉన్న చదును తారురోడ్డు మీద. పెళ్లికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకెళ్లడం అంటే ఇదే.

2020లో ఆస్ట్రియాలోని లియోగాంగ్‌లో టామ్ పిడ్‌కాక్ ఈ-మౌంటెన్ బైక్ ప్రపంచ చాంపియన్ అయ్యాడు. ఆ తర్వాత టోక్యోలో, పారిస్‌లో మోటారు లేని మౌంటెన్ బైకు మీద రెండు ఒలింపిక్ స్వర్ణాలు కొట్టాడు. లియోగాంగ్‌లో ఆయన మోటారు కూడా 25 దగ్గరే ఆగింది, నియమం అది. ప్రపంచ చాంపియన్‌కు సరిపోయిన 25 మన ఆదివారపు వీరుడికి మాత్రం బొత్తిగా ఆనడం లేదు.

గీత 25 దగ్గరే ఎందుకుండాలని వాదించేవాళ్లు ఉన్నారు, వాదించనివ్వండి. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో ఒకటో తరగతి ఈ-బైకుకు గంటకు 20 మైళ్లు, అంటే 32 కిలోమీటర్ల దాకా ఉంది. చట్టం మార్చమని అడగడం వేరు, డబ్బీ తగిలించుకుని అడవిలోకి వెళ్లడం వేరు. నడిచేవాళ్లు, పిల్లల్ని తీసుకొచ్చేవాళ్లు తిరిగే దారుల్లో ఈ బళ్లను రానిస్తున్నది అవి సైకిళ్లనే నమ్మకం మీద. ఆ నమ్మకం చెడితే "మోటారు వాహనాలకు ప్రవేశం లేదు" అనే బోర్డు అందరికీ కలిపి పడుతుంది, డబ్బీ లేనివాడికి కూడా. ఫ్రాన్స్ అయితే మొహమాటపడలేదు. ఇలా బండి వేగం పెంచితే ఏడాది దాకా జైలు, 30,000 యూరోల దాకా జరిమానా అని చట్టంలో రాసుకుంది. ఆ డబ్బుకు నాలుగైదు బైకులొస్తాయి.

మోటారు తయారుచేసేవాళ్లూ ఊరుకోలేదు. జర్మనీలోని రాయిట్లింగెన్ నుంచి నడిచే బాష్ ఈ-బైక్ విభాగం ఇలాంటి దొంగ లెక్కల్ని పసిగట్టే ఏర్పాటు పెట్టింది. చక్రం చెప్పే వేగానికీ, కాళ్లు, మోటారు తిరిగే తీరుకూ పొంతన కుదరకపోతే తెర మీద 504 అని పడుతుంది, సాయం పడిపోతుంది. అప్పుడు అసలైన టెక్నికల్ ట్రెయిల్ మొదలవుతుంది: ఇరవై నాలుగు కిలోలను సొంత కాళ్లతో కొండ మీదికి తొక్కడం. మళ్లీ మళ్లీ పట్టుబడితే డీలరు దగ్గరికి పోక తప్పదు. అక్కడ "ఏమోనండీ, దానంతట అదే వచ్చింది" అనే ముఖాలను చూసి చూసి మెకానిక్కులకు విసుగు పుట్టి ఉంటుంది.

వేగం పిచ్చి పక్కన బరువు పిచ్చి కూడా ఒకటుంది, అది కొంత అమాయకం. బోల్టులన్నీ తీసి టైటానియంవి బిగిస్తారు, ఇంతా చేస్తే తగ్గేది గ్రాముల లెక్క. అదే చేత్తో కిలోన్నర అదనపు బ్యాటరీ ఫ్రేముకు తగిలిస్తారు. ఫ్రేము కడుపులో అప్పటికే నాలుగు కిలోల పైచిలుకు బ్యాటరీ, మూడు కిలోల మోటారు ఉన్న సంగతి బోల్టుకు తెలియదు కదా!

ఇన్ని మార్పులు చేసినవాడి టైరు మీద ఒకసారి వేలు పెట్టి చూడండి. రాయిలా ఉంటుంది, లేకపోతే ఉండీ ఉండనట్టు ఉంటుంది. ఎంత గాలి ఉందో అతనికే తెలియదు. బండి బరువును బట్టి, రాళ్లను బట్టి ఒకటి రెండు పీఎస్ఐ అటూ ఇటూ సరిచూసుకుంటే ఎక్కుడులో వచ్చే పట్టు ఏ డబ్బీ ఇవ్వదు. లోపలి సీలెంట్ కొన్ని నెలలకే ఎండి అట్టకడుతుందన్న సంగతి పంక్చరు పడ్డ రోజునే బయటపడుతుంది. పక్కలు పలచటి టైరు మోటారు బండి బరువుకు రాతి అంచు మీద చీలిపోతుంది, అందుకని గట్టి పక్కలున్న టైరు వెనక వేయాలి. దానికి డబ్బుండదు. ఎక్కుడులో ఆగకుండా తొక్కుతూనే ఉంటాం కాబట్టి పెడల్ రాళ్లకు కొట్టుకుంటుంది. పెడల్ బిగించి ఉండే క్రాంకును 165 నుంచి 155 మిల్లీమీటర్లకు కుదిస్తే ఆ తాకుళ్లు సగానికి సగం మాయమైనట్టే అనిపిస్తాయి. చేయదగ్గ మార్పంటే అది. కానీ క్రాంకు పొట్టిదైందని స్నేహితులకు చెప్పుకోవడంలో మజా ఏముంది?

చైను సంగతి ఇంకా దారుణం. 85 న్యూటన్ మీటర్ల మోటారు, దాని మీద మనిషి కాళ్ల బలం, రెండూ ఒకే పలచటి చైను మీద పడతాయి. గేరు మార్చేటప్పుడు ఒక్క క్షణం కాలి ఒత్తిడి తగ్గించమంటే వినరు. టక్కున వచ్చే చప్పుడును శక్తికి గుర్తనుకుంటారు. పన్నెండు గేర్ల చైను అర శాతం సాగగానే మార్చేస్తే సరిపోయేదానికి, గేజు కొనడం ఎందుకని వదిలేసి, చివరికి చైనుకు కొన్ని రెట్ల ధరపెట్టి వెనక గేర్ల చక్రాలన్నీ మారుస్తారు. రాక్‌షాక్స్ కంపెనీ ఫోర్కుకు 50 గంటల సవారీకొకసారి కింది గొట్టాలు విప్పి నూనె మార్చమని రాసి ఉంటుంది. ఆ 50 గంటలు వీళ్ల బళ్లలో ఎన్నటికీ నిండవు. బ్రేకు డిస్కు 1.8 మిల్లీమీటర్ల నుంచి అరిగి 1.5కు దిగిందా లేదా అని కొలిచే సాధనం ఖరీదు ఆ టైటానియం బోల్టుల ఖర్చు ముందు లెక్కలోకే రాదు. బురద పట్టిందా, ప్రెషర్ వాషర్ తెచ్చి బేరింగుల మీదికే గురిపెట్టి కొడతారు. బయట బురద పోతుంది, లోపల గ్రీసు పోతుంది. చలికాలమంతా బ్యాటరీని నిండా చార్జి చేసి షెడ్డులో పడేస్తారు. సగం దగ్గర ఉంచి, చలీ వేడీ ఎక్కువ లేనిచోట పెట్టమని పుస్తకంలో ఉంటుంది. ఆ పుస్తకం ప్లాస్టిక్ సంచిలోంచి బయటికే రాలేదు.

పైగా ఆ డబ్బీ చేసిన ఇంకో ఉపకారం ఉంది. సగం చుట్లే లెక్కకొస్తాయి కాబట్టి మీటరు మీద దూరమూ తగ్గుతుంది. చైను మార్చాల్సిన వేళ, సర్వీసుకు వెళ్లాల్సిన వేళ అన్నీ వెనకబడతాయి. మోటారును మోసం చేద్దామని కొన్నది కొన్నవాడినే మోసం చేస్తుంటే, అతను మాత్రం "బండి భలే నిలబడిందండీ" అని మురిసిపోతుంటాడు.

రెండో ఏడాదికి మోటారులోంచి ఏదో రాపిడి వినిపిస్తుంది. వారంటీ అడుగుదామంటే 504 గుర్తొస్తుంది. డబ్బీ ఊడదీసి, బండి కడిగి, ఎండలో నిలబెట్టి ఫొటో తీసి అమ్మకానికి పెడతాడు: "ఒకే ఓనరు, చాలా తక్కువ తిరిగింది, ఎలాంటి మార్పులూ చేయలేదు, మీటరు చూసుకోవచ్చు." కొనేవాడు వచ్చి మీటరు చూస్తాడు. నిజంగానే చాలా తక్కువ ఉంటుంది. బేరం కుదిరాక, కొత్త ఓనరు డబ్బు లెక్కపెట్టిస్తూ అడుగుతాడు: "అన్నట్టు, 25 దగ్గర ఆగకుండా చేసే వస్తువేదో ఉంటుందట కదండీ, ఎక్కడ దొరుకుతుంది?"

"నా దగ్గరే ఒకటుంది," అంటాడు మన వీరుడు. "సగం ధరకిస్తాను."